వీలునామా ఒక దారి, కంపెనీ కాగితాలు ఒక దారి: చెన్నైలో ఒక కుటుంబ వ్యాపారపు కేసు

చెన్నైలో స్థిరపడిన తెలుగు కుటుంబాల ఆస్తి, వ్యాపార వ్యవహారాలు చూసే న్యాయవాదిగా నా దగ్గరకు వచ్చే వీలునామాల్లో చాలావరకు చట్టప్రకారం చెల్లేవే. రాసినవారి సంతకం ఉంటుంది, ఇద్దరు సాక్షులుంటారు, కొన్ని రిజిస్టరు కూడా అయి ఉంటాయి. అయినా అలాంటి వీలునామా వ్యాపారం దగ్గరకు వచ్చేసరికి పనికిరాకుండా పోవచ్చు. అంతకుముందే రాసుకున్న ఇతర పత్రాలు ఎవరికి ఏం చెందాలో వేరేగా నిర్ణయించి ఉండటమే అందుకు కారణం. ఈ సంగతి స్పష్టంగా కనిపించిన ఒక కేసును, కుటుంబ సభ్యుల అనుమతితో, గుర్తుపట్టగల వివరాలు మార్చి ఇక్కడ రాస్తున్నాను.

కుటుంబం నెల్లూరు జిల్లా నుంచి వచ్చింది. పెద్దాయన తన తమ్ముడితో కలిసి 1980లలో అంబత్తూరు దగ్గర అట్టపెట్టెలు తయారుచేసే ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ పెట్టారు. అంతకుముందు నుంచే అన్నదమ్ములిద్దరూ భాగస్తులుగా చెన్నై ప్యారీస్ కార్నర్ ప్రాంతంలోని ఆండర్సన్ వీధిలో క్రాఫ్ట్ పేపర్ టోకు వ్యాపారం నడుస్తోంది. 2019లో వారు మా ఆఫీసుకు వచ్చేనాటికి పెద్దాయనకు డెబ్బై దాటాయి. కంపెనీలో మొత్తం 10,000 షేర్లుంటే ఆయనవి 6,000, తమ్ముడుగారివి 3,000, ఫ్యాక్టరీని రోజూ చూసుకునే పెద్దబ్బాయివి 1,000. చిన్నబ్బాయి అమెరికాలో ఉద్యోగం చేస్తున్నారు. అమ్మాయి చెన్నైలోనే కాలేజీ లెక్చరరు. తమ్ముడుగారికి ఇద్దరూ ఆడపిల్లలే; ఈ వివరం తర్వాత చాలా ముఖ్యమైంది.

పెద్దాయన 2011లో కీల్పాక్‌లోని ఇంట్లో సంతకం చేసి రిజిస్టరు చేయించిన వీలునామా రెండు పేజీలే. కంపెనీ పెద్ద కుమారునికి, ఫ్యాక్టరీ ఉన్న అంబత్తూరు స్థలం కుమార్తెకు, కీల్పాక్ ఇల్లు చిన్న కుమారునికి, మిగిలిన సమస్త ఆస్తులూ భార్యకు అని అందులో ఉంది. చదివితే చక్కగానే ఉంటుంది, ముగ్గురు పిల్లలకూ న్యాయం చేయాలన్న తండ్రి మనసు అందులో తెలుస్తుంది. దాన్ని సరిచూడమని అడిగినప్పుడు నేను ఆ వీలునామాతో పాటు కంపెనీ ఆర్టికల్స్ (కంపెనీ నడిచే అంతర్గత నిబంధనావళి), పార్ట్‌నర్‌షిప్ డీడ్, బ్యాంకు అప్పు మంజూరు చేసిన శాంక్షన్ లెటరు, చివరి బాలెన్స్ షీటు, స్థలం దస్తావేజులు, నామినేషన్ ఫారాలు తెమ్మన్నాను. వారి ఆడిటర్ గారు కూడా వచ్చి కూర్చున్నారు. అన్నిటినీ టేబుల్ మీద పక్కపక్కన పెట్టుకొని చదివాం.

ఆర్టికల్స్‌లో ఉన్న ధర

ముందు కంపెనీ సంగతి. ఒక మనిషి వీలునామాలో రాయగలిగేది తన పేరున ఉన్న షేర్లనే తప్ప కంపెనీని కాదు. ఆ షేర్లు ఏ నిబంధనలకు లోబడి ఉన్నాయో ఆర్టికల్స్ చెబుతాయి. కంపెనీ పెట్టిన రోజుల్లో ఎవరో తయారుచేసిన ఆర్టికల్స్‌లో ఒక క్లాజు ఇలా ఉంది: సభ్యుడు చనిపోతే ఆయన వారసులు ఆ షేర్లను ముందుగా మిగతా సభ్యులకు, వారి వారి వాటాల నిష్పత్తిలో, ఇవ్వజూపాలి, ధర ఆ ఏటి వార్షిక సర్వసభ్య సమావేశంలో నిర్ణయించినది, నిర్ణయించకపోతే ముఖవిలువ. ముఖవిలువ 100 రూపాయలు. కంపెనీ పుట్టినప్పటి నుంచి ఏ సమావేశంలోనూ ధర నిర్ణయించిన దాఖలా లేదు.

లెక్క వేసి చూపించాను. పెద్దాయన కాలం చేస్తే ఆయన 6,000 షేర్లకు వారసుల చేతికొచ్చేది 6 లక్షల రూపాయలు. నిష్పత్తి ప్రకారం తమ్ముడుగారు 4,500 షేర్లు, పెద్దబ్బాయి 1,500 షేర్లు కొనుక్కోవచ్చు. అప్పుడు తమ్ముడుగారి చేతిలో 7,500 షేర్లు, అంటే 75 శాతం. ఆర్టికల్స్‌నే మార్చగల ప్రత్యేక తీర్మానాన్ని కూడా ఒంటరిగా గెలిపించుకోగల బలం. వీలునామాలో పెద్ద కుమారునికి రాసిన కంపెనీలో ఆయనకు మిగిలేది పాతిక శాతం. తమ్ముడుగారు అలా చేసే మనిషి కాదని పెద్దాయన అన్నారు, అది నిజమే కావచ్చు. కానీ ఆ హక్కు తమ్ముడుగారి తర్వాత ఆయన వారసులకూ, అల్లుళ్ల సలహాలకూ కూడా అందుబాటులో ఉంటుంది.

దీనికి విరుగుడుగా అన్నదమ్ములిద్దరూ 2008లో స్టాంపు కాగితం మీద ఒక ఒప్పందం రాసుకున్నామని చూపించారు. ఎవరి వాటా వారి పిల్లలకే చెందాలన్నది దాని సారాంశం. నిజాయితీగా రాసుకున్నదే, కానీ అందులోని ఒక్క మాట కూడా ఆర్టికల్స్‌లోకి వెళ్లలేదు. రంగరాజ్ వర్సెస్ గోపాలకృష్ణన్ కేసులో సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన చిక్కు కూడా ఇలాంటిదే. అదీ ఒక కుటుంబపు ప్రైవేట్ కంపెనీ. మొత్తం 50 షేర్లు, అన్నదమ్ముల శాఖలు రెండింటికీ చెరి 25. ఏ శాఖ షేర్లు ఆ శాఖలోనే ఉండాలని తమలో తాము అనుకున్నారు, కానీ ఆర్టికల్స్‌లో రాయలేదు. షేర్ల బదిలీ మీద ఆర్టికల్స్‌లో లేని ఆంక్ష కంపెనీనీ, షేర్‌హోల్డర్లనూ కట్టిపడేయదని కోర్టు తేల్చింది. ఈ తీర్పు వచ్చి మూడు దశాబ్దాలు గడిచినా కుటుంబ ఒప్పందాన్ని బీరువాలో దాచి ఆర్టికల్స్‌ను ముట్టుకోని కంపెనీలు నాకు ఇప్పటికీ తరచుగా కనిపిస్తాయి.

నామినేషన్ మూడో మాట చెబుతోంది. ఎప్పుడో నింపిన ఎస్‌హెచ్-13 ఫారంలో షేర్లకు నామినీ పెద్దాయన భార్య. అంటే ఒకే 6,000 షేర్లకు ఆర్టికల్స్ ప్రకారం సభ్యులు, వీలునామా ప్రకారం కొడుకు, నామినేషన్ ప్రకారం భార్య హక్కుదారులుగా కనిపిస్తున్నారు. నామినీ యజమాని అవుతాడా, లేక వారసుల తరఫున పట్టుకొని ఉండే మనిషేనా అన్న ప్రశ్న మీద ఆనాటికి సుప్రీంకోర్టు తుది మాట చెప్పలేదు. 2023 డిసెంబరు 14న శక్తి యెజ్దానీ కేసులో, నామినేషన్ వారసత్వ చట్టాన్ని పక్కకు నెట్టదని తేల్చింది. తీర్పు ఎటు వచ్చినా ఫలితం మారకుండా ఉండాలని మేం 2020లోనే నామినేషన్‌ను మార్పించి, వీలునామాలో షేర్లు ఎవరికి రాస్తామో నామినీ కూడా వారే అయ్యేలా చూశాం.

స్థలం, అప్పు, పేపర్ వ్యాపారం

ఫ్యాక్టరీ షెడ్డు, కరుగేషన్ మిషన్లు కంపెనీవి. నేల మాత్రం పెద్దాయన సొంతం. కంపెనీ ఆయనకు ఏటా నామమాత్రపు అద్దె ఇస్తోంది, రాసుకున్న లీజు లేదు. పైగా ఆ స్థలం దస్తావేజులు కంపెనీ తీసుకున్న క్యాష్ క్రెడిట్ (రోజువారీ వ్యాపారానికి వాడుకునే అప్పు) కోసం బ్యాంకులో ఉన్నాయి. దస్తావేజులు అప్పగించడం ద్వారా తాకట్టు పెట్టే పద్ధతికి ఆస్తి బదిలీ చట్టం 58వ సెక్షన్ పేరు పెట్టి చెప్పిన మూడు నగరాల్లో మద్రాసు ఒకటి, అందుకే ఇక్కడి వ్యాపారులకు అది కొత్త కాదు. వీలునామా అమల్లోకి వచ్చిన మర్నాడు అమ్మాయి అన్నగారి ఫ్యాక్టరీకి నేలయజమాని అవుతుంది. అదే సమయంలో అన్నగారి కంపెనీ అప్పుకు ఆమె స్థలం జామీను. తాకట్టులో ఉన్న ఆస్తిని ప్రత్యేకించి ఒకరికి రాసి, వేరే ఉద్దేశమేదీ వీలునామాలో చెప్పకపోతే, భారత వారసత్వ చట్టం 167వ సెక్షన్ ప్రకారం ఆ భారాన్ని తీసుకున్నవారే మోయాలి. కుమార్తెకు మేలు చేస్తున్నాననుకున్న తండ్రి నిజానికి ఆమెకు కొడుకు వ్యాపారపు అప్పును కూడా రాసిచ్చారు.

దీనికి ఆడిటర్ గారు మొదట సూచించిన మార్గం, స్థలాన్ని కంపెనీ పేరుకు మార్చేయడం. వ్యాపారానికి అది సులువే. కానీ వీలునామాలో ప్రత్యేకించి రాసిన ఆస్తి, రాసినవారు పోయేనాటికి వారి చేతిలో లేకపోతే ఆ రాత 152వ సెక్షన్ కింద రద్దయినట్టే. బదులుగా ఇంకేదీ ఇవ్వాలని చట్టం చెప్పదు. స్థలం కంపెనీకి వెళ్తే అమ్మాయికి దక్కేది శూన్యం. బతికుండగా వ్యాపారంలో చేసే ఏ మార్పునైనా వీలునామా పక్కన పెట్టుకొనే చేయాలని నేను పట్టుబట్టేది ఇందుకే.

ఆ నేల కొన్న డబ్బు సంగతి కూడా చూడాల్సి వచ్చింది. పెద్దాయన తండ్రిగారి నుంచి వచ్చిన పొలం అమ్మి 1984లో ఈ స్థలం కొన్నారు. తాతల ఆస్తి అని రేపు మనవలెవరైనా అంటే వీలునామా రాసే హక్కుకే అడ్డం వస్తుంది. అయితే ఆ పొలం తండ్రిగారి స్వార్జితం. ఆయన 1956 హిందూ వారసత్వ చట్టం వచ్చాక వీలునామా లేకుండా కాలం చేశారు. అలా 8వ సెక్షన్ కింద కొడుక్కి వచ్చిన ఆస్తి అతని సొంతమేనని 1986లో చందర్‌సేన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఊరి నుంచి పాత దస్తావేజుల నకళ్లు తెప్పించి, ఈ క్రమాన్ని కొత్త వీలునామాలో ఒక పేరాగా రాశాం.

బాలెన్స్ షీటులో నేను అందరికంటే ఎక్కువసేపు ఆగిన వరుస ఒకటుంది: డైరెక్టర్ల నుంచి తీసుకున్న అన్‌సెక్యూర్డ్ లోన్లు (జామీను లేని అప్పులు), పెద్దాయన పేరున కోటీ ఎనభై లక్షలు. ఏళ్ల తరబడి ఆయన జీతం, డివిడెండు తీసుకోకుండా కంపెనీలోనే వదిలేసిన డబ్బు అది. కుటుంబంలో ఎవరికీ అది ఆస్తిగా తోచలేదు. కానీ పాత వీలునామా ప్రకారం అది మిగిలిన సమస్త ఆస్తులలో చేరి భార్యకు వెళ్తుంది. గడువు రాసుకోని అప్పు గనుక ఆవిడ, లేదా ఆవిడ తర్వాత ముగ్గురు పిల్లల్లో ఎవరైనా, మొత్తం ఒకేసారి అడగవచ్చు. ఆ మొత్తాన్ని ఒక్కసారి తీస్తే ఈ సైజు కంపెనీకి క్రాఫ్ట్ పేపర్ రోళ్లు కొనడానికి కూడా డబ్బుండదు.

పార్ట్‌నర్‌షిప్ డీడ్‌లో, భాగస్తుడు చనిపోయినా ఫర్మ్ వారసులతో కొనసాగుతుందని రాశారు. 1932 భాగస్వామ్య చట్టం 42వ సెక్షన్ అలాంటి ఒప్పందానికి చోటిస్తుంది. కానీ ఇద్దరే భాగస్తులున్నప్పుడు ఒకరు పోతే ఫర్మే మిగలదు, ఆ క్లాజు పని చేయదు అని 1965లోనే సేఠ్ గోవిందరాం షుగర్ మిల్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆండర్సన్ వీధి వ్యాపారం ఇద్దరి మీదే నిలబడి ఉంది.

ఒప్పించడం

ఇంతవరకు కాగితాల పని. అసలు కష్టం ఆ తర్వాత మొదలైంది. ఆర్టికల్స్ మార్చాలంటే ప్రత్యేక తీర్మానం కావాలి, అంటే అనుకూలమైన ఓట్లు వ్యతిరేకమైనవాటికి కనీసం మూడు రెట్లుండాలి. పెద్దాయన, పెద్దబ్బాయి కలిస్తే 7,000. తమ్ముడుగారి 3,000కు మూడు రెట్లు 9,000. ఆయన ఒప్పుకోకుండా ఒక్క అక్షరం కూడా మారదు. చెన్నై తెలుగు కుటుంబాల్లో, ముఖ్యంగా ఒక ఇంట్లో తిని పెరిగిన అన్నదమ్ముల మధ్య, కాగితం అడగడమంటే అనుమానించడమేనన్న భావన ఇంకా బలంగా ఉంది. తమ్ముడుగారు మొదటి సమావేశంలో, "అన్నయ్యా, నలభై ఏళ్లలో నీ పిల్లల సొమ్ము ఒక్క రూపాయి ముట్టుకున్నానా?" అని అడిగారు. పెద్దాయన తల దించుకున్నారు, జవాబు చెప్పలేదు.

నేను అప్పుడు అదే క్లాజును తమ్ముడుగారి వైపు నుంచి చదివి వినిపించాను. ముందు వెళ్లేది ఆయనే అయితే ఆయన 3,000 షేర్లనూ అన్నగారు, అన్నగారి అబ్బాయి 3 లక్షలకు తీసుకోవచ్చు. ఇద్దరమ్మాయిలకు చెరి లక్షన్నర. ఆయన ఆ పేజీ తీసుకొని కళ్లజోడు సర్దుకొని మళ్లీ తనే చదువుకున్నారు, తర్వాత తన పెద్దమ్మాయిని కూడా వచ్చే సమావేశానికి తీసుకొస్తానన్నారు. అక్కడి నుంచి మాటలు సాఫీగా సాగాయి. నా అనుభవంలో ఒకరి రక్షణ కోసం రాసిన నిబంధనకు రెండోవారు అయిష్టంగా సంతకం పెడతారు. ఇద్దరికీ ఒకేలా వర్తించేదానికి ఇష్టంగా పెడతారు.

కొత్త క్లాజు ప్రకారం భార్యాభర్తలకు, పిల్లలకు, మనవలకు షేర్లు వెళ్తే ఎవరికీ ఇవ్వజూపాల్సిన పని లేదు. వారిలో ఎవరైనా బయటివారికి అమ్మదలిస్తే మాత్రం మిగతా సభ్యులకు ముందు హక్కు; ధర రిజిస్టర్డ్ వాల్యూయరు కట్టినది, చెల్లింపు మూడేళ్లలో మూడు నెలలకో వాయిదా. తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది, ముప్ఫై రోజుల్లో దాన్ని కంపెనీల రిజిస్ట్రారుకు తెలిపే ఎంజీటీ-14 ఫారం దాఖలు చేశాం. పేపర్ ఫర్మ్‌లో పెద్దబ్బాయినీ, తమ్ముడుగారి పెద్దమ్మాయినీ భాగస్తులుగా చేర్చి నలుగురితో కొత్త డీడ్ రాశాం. ఒకరు పోయినా మిగతావారితో ఫర్మ్ సాగుతుంది, పోయినవారి వారసులకు లెక్క తేల్చి డబ్బు ఇస్తారు.

స్థలం విషయంలో అమ్మాయి తొలిసారి మనసు విప్పి మాట్లాడింది. "నాన్నా, అది నాకు రాస్తే ప్రతి నెలా అద్దె కోసం అన్నయ్య ముఖం చూడాల్సింది నేను. అంతకంటే ఏమీ రాయకపోయినా ఫర్వాలేదు." పెద్దాయన, "నువ్వు అడగాల్సిన పని లేకుండా నేనుండగానే లీజు రాయిస్తానమ్మా," అన్నారు. కంపెనీకి పదిహేనేళ్ల లీజు రిజిస్టరు చేయించాం. అద్దె మార్కెట్టుకు దగ్గరగా పెట్టి, మూడేళ్లకోసారి పెంపు నిర్ణయించి, నేరుగా ఖాతాలో పడేలా రాశాం. అమ్మదలిస్తే కంపెనీకి ముందు అవకాశం. తాకట్టులో ఉన్న ఆస్తిని లీజుకిచ్చే విషయంలో తాకట్టు పెట్టినవారి అధికారానికి ఆస్తి బదిలీ చట్టం 65ఎ సెక్షన్ పరిమితులు పెడుతుంది గనుక బ్యాంకు నుంచి రాతపూర్వకంగా అనుమతి తెచ్చాకే సంతకాలయ్యాయి. బ్యాంకు అప్పు భారం ముందుగా పెద్ద కుమారునికి వెళ్లే షేర్ల మీద పడాలని కొత్త వీలునామాలో స్పష్టంగా రాసి, స్థలం మీదకు బ్యాంకు వస్తే ఆ నష్టం తాను పూడుస్తానని కంపెనీ చేత అమ్మాయికి పూచీ పత్రం ఇప్పించాం.

కోటీ ఎనభై లక్షలకు కంపెనీకీ, పెద్దాయనకూ మధ్య అప్పు ఒప్పందం రాశాం. నెలనెలా వాయిదా, మితమైన వడ్డీ, ఒకేసారి అడిగే హక్కు లేదు. వీలునామాలో అది పేరు పెట్టి భార్యకు రాశాం, అంటే ఆవిడకు జీవితాంతం నెల ఖర్చుకు ఎవరినీ అడగనక్కర్లేని ఆదాయం. ప్రైవేట్ కంపెనీకి డైరెక్టరు గానీ ఆయన బంధువు గానీ ఇచ్చిన డబ్బు, అది అప్పుగా తెచ్చింది కాదని వారు రాసిస్తే, డిపాజిట్ల నిబంధనల కిందకు రాదు. పెద్దబ్బాయి డైరెక్టరు కావడం వల్ల తల్లి పేరున ఆ అప్పు కొనసాగినా ఇబ్బంది లేదు.

ఇక షేర్లు. అన్నీ ఇప్పుడే ఇచ్చేయమని పెద్దబ్బాయి అభిప్రాయం. పెద్దాయనకు ఇష్టం లేదు, నాకూ లేదు. తన చేతిలో ఏమీ మిగుల్చుకోని తండ్రి మాటకు ఇంట్లో విలువ తగ్గిన సందర్భాలు నేను చూశాను. అలాగని మొత్తం వీలునామాకే వదిలేస్తే, ఆయన పోయాక షేర్లు వారసుల పేరుకు మారేదాకా 60 శాతం ఓట్లు స్తంభించిపోతాయి. కంపెనీల చట్టంలోని టేబుల్ ఎఫ్ నమూనా ఆర్టికల్స్ ప్రకారం వారసత్వంగా షేర్లు రావాల్సిన వ్యక్తికి డివిడెండు హక్కు ఉంటుంది గానీ పేరు నమోదయ్యేదాకా సమావేశాల్లో ఓటు ఉండదు. అందుకని 2,500 షేర్లు వెంటనే కొడుక్కి దానంగా బదిలీ చేశారు. తండ్రి కొడుక్కి ఇచ్చే దానం మీద ఆదాయపు పన్ను పడదు. ఇప్పుడు తండ్రీ కొడుకులకు చెరి 35 శాతం, తమ్ముడుగారికి 30. మిగిలిన 3,500 వీలునామాలో పెద్ద కుమారునికే. ఎస్టేట్ డ్యూటీ (చనిపోయినవారి ఆస్తి మీద వేసే పన్ను) మళ్లీ వస్తుందన్న భయంతో అన్నీ ముందే పంచేయాలనుకునేవారు చాలామంది ఉన్నారు. అది 1985లో పోయింది; ఎప్పుడో వస్తుందేమోనన్న పన్ను కోసం ఇవాళే అధికారమంతా వదులుకోవడం నేను ఎవరికీ సలహా ఇవ్వను.

వీలునామాను అమలు చేసే ఎగ్జిక్యూటరుగా పెద్ద కొడుకునే పెట్టాలన్నది ఇంటి ఆనవాయితీ. ఇక్కడ అది కుదరదు. కంపెనీ నుంచి తల్లికి రావాల్సిన వాయిదాలు, చెల్లెలికి రావాల్సిన అద్దె వసూలు చూడాల్సింది ఎగ్జిక్యూటరు; చెల్లించాల్సింది ఆయన నడిపే కంపెనీ. ఒకే మనిషి రెండు వైపులా కూర్చోకూడదు. అమ్మాయినీ, బ్యాంకులో పనిచేసి రిటైరైన మేనమామగారినీ కలిపి ఎగ్జిక్యూటర్లుగా పెట్టాం. పాత వీలునామా రద్దయిందని కొత్తదాని మొదటి వాక్యంలోనే రాశాం. సాక్షులుగా కుటుంబ డాక్టరు గారు, పొరుగింటివారు సంతకం చేశారు. ఇద్దరూ పెద్దాయన కంటే వయసులో చాలా చిన్నవారు. సాక్షుల్లో ఒకరినైనా కోర్టులో విచారించాల్సి వస్తుంది గనుక ఈ జాగ్రత్త ఎప్పుడూ అవసరమే.

పెద్దాయన తర్వాత

ఆయన 2023లో కాలం చేశారు. చెన్నై నగరంలో హిందువులు రాసిన వీలునామాకు అప్పట్లో భారత వారసత్వ చట్టం 213వ సెక్షన్ ప్రకారం ప్రొబేట్, అంటే వీలునామా సరైనదేనన్న కోర్టు ధ్రువీకరణ, తప్పనిసరి (ఆ సెక్షన్‌ను పార్లమెంటు 2025 డిసెంబరులో తొలగించింది). మద్రాసు హైకోర్టులో పిటిషన్ వేశాం. వారసుల్లో ఎవరైనా అభ్యంతరం చెబుతూ కేవియట్ వేస్తే అది పూర్తి స్థాయి దావాగా మారుతుంది. తల్లిగారు, ఇద్దరు కొడుకులు సమ్మతి అఫిడవిట్లు ఇచ్చారు. చిన్నబ్బాయి మాత్రం తనకు వచ్చిన ఇంటి విలువ, అన్నకు వచ్చిన షేర్ల విలువ పక్కపక్కన చూపించమని అడిగారు. అడగడం ఆయన హక్కు. ఆర్టికల్స్‌లోని పద్ధతి ప్రకారమే వాల్యూయరు చేత లెక్క కట్టించి పంపాం. చూసుకున్నాకే అక్కడి కాన్సులేటులో సంతకం చేశారు. ప్రొబేట్ వచ్చేదాకా కంపెనీ సమావేశాలు ఉన్న ఓట్లతోనే నడిచాయి, బ్యాంకు లిమిట్ ఆగలేదు, ఆండర్సన్ వీధిలో దుకాణం ఆయన కర్మకాండల రోజుల్లో తప్ప మూతపడలేదు.

ఇప్పుడు మా టేబుల్ మీద ఉన్నది తమ్ముడుగారి వీలునామా. ఆయన 3,000 షేర్లను ఇద్దరమ్మాయిలకూ సమానంగా రాయాలని ఉంది, కానీ వ్యాపారంలో ఉన్నది పెద్దమ్మాయి ఒక్కరే. రెండో అమ్మాయికి ఓటు లేని ప్రిఫరెన్స్ షేర్లు ఇవ్వడమా, లేక పేపర్ ఫర్మ్ నుంచి రావాల్సిన డబ్బును ఆమె వైపు ఎక్కువగా రాయడమా అన్నది వచ్చే సమావేశంలో తేలాలి. ఈసారి పెద్దబ్బాయి కూడా హాజరవుతున్నారు. ప్రిఫరెన్స్ షేర్లు జారీ చేయాలంటే ఆయన ఓట్లు కావాలి.